ఇంటిపెద్ద రంగారావు

జూలై నెల వచ్చునప్పటికి నూజివీడు మామిడితోటలలో సందడి సద్దుమణగిపోవును. రసాలు, బంగినపల్లి కాయలు లారీల కెక్కి ఊరు దాటిపోయి యుండును. చిక్కములు కట్టిన గెడలు పాకలో మూలకు చేరును. కావలివారు గుడిసెలు విప్పుకొని ఇండ్లకు పోవుదురు. తొలకరి జల్లులకు ఎఱ్ఱనేల తడిసి మెత్తబడును. రైతు చేతికి వచ్చిన సొమ్ము లెక్కచూచుకొని, ఎండుకొమ్మలు కొట్టించి, చెట్లకు పాదులు త్రవ్వించి, ఖాళీ పడిన చోట క్రొత్త అంటు నాటును. కోత ముగిసిన నెల యది. నాటుకాలము మొదలగు నెలయు నదియే.

అట్టి జూలై నెలలో, 1918వ సంవత్సరము 3వ తేదీని, నూజివీడులో ఒక బిడ్డ పుట్టెను. అట్టి జూలై నెలలోనే, 1974వ సంవత్సరము 18వ తేదీని, మద్రాసులో ఆ మనిషి కన్నుమూసెను. నడుమ గడచినవి ఏబదియాఱు సంవత్సరముల పదునైదు దినములు. ఆయన పూర్తి పేరు సామర్ల వెంకట రంగారావు. ఎస్. వి. రంగారావు అనినచో గుర్తింపని తెలుగువారుండరు. అప్పట్లో నూజివీడు కృష్ణా జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి ఏలూరు జిల్లాలోనిది. జిల్లా పేరు మాఱినను రంగారావుగారు మా ఊరి బిడ్డ యనుమాట మాత్రము మా ప్రాంతమున మాఱలేదు.

మాంత్రికుడనిన వారే గుర్తునకు వత్తురు. ఘటోత్కచుడనిన వారే, కీచకుడనిన వారే. పాతాళభైరవి, మాయాబజారు, నర్తనశాల ఎఱుగని తెలుగు ఇల్లు అరుదు. 1964లో జకార్తా నగరమున జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున, నర్తనశాలలోని నటనకు వారికి ఉత్తమ నటుడను బహుమతి లభించెను. 2013లో భారతీయ సినిమాకు నూఱేండ్లు నిండిన సందర్భమున తపాలాశాఖ వారి బొమ్మతో బిళ్ళను వెలువరించెను. ఈ కీర్తిని గూర్చి వ్రాసినవారును, పలికినవారును పెక్కురు. ఆ దారిని మేము మఱల నడువబోము.

ఒక సంసారి, ఒక కష్టజీవి, ఉన్నవాడు ఉన్నట్లుగా వెళ్ళిపోయినప్పుడు మనము దేనిని జ్ఞాపకము పెట్టుకొనవలెను? నేడు మేము ఆలోచింపదలచినది ఈ ప్రశ్నను. కిరీటములు, గదలు, మీసములు తీసి ప్రక్కను పెట్టి చూచినచో, రంగారావుగారి జీవితము మన ఇండ్లలోని ఏ ఇంటిపెద్ద జీవితమునకైనను దూరమైనది కాదు. దానిని ఆ విధముగా చూచుట వారికి న్యూనతయు కాదు.

వారి తాతగారు నూజివీడున వైద్యులు. తండ్రిగారు ఆబ్కారీ శాఖలో ఉద్యోగి. ఆబ్కారీ ఉద్యోగికి ఒక ఊరు స్థిరముగా నుండదు. నేడిచ్చట, ఱేపు మఱియొకచోట. అందుచేత పిల్లవాని పెంపకము, చదువు అవ్వగారి పంచన మద్రాసులో సాగినవి. తిరువళ్ళిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివిరి. పిదప విశాఖపట్టణమునను, కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలలోను విద్య పూర్తిచేసిరి. ఈ విధముగా వారు నూజివీడులో మొలచి, నూజివీడు వెలుపల పెరిగిన మొక్క. మా మామిడి అంటులకును అదియే గతి. ఒక పాదున కట్టిన అంటు వేఱొక తోటలో కాపు కాయును. కాని కాయ రుచిలో తల్లిచెట్టు దాగదు.

కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు అను నాటక సమాజ ముండెడిది. అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి మున్నగువారు ఆ రంగస్థలము నుండి వచ్చినవారే. రంగారావుగారును అచ్చటనే ముఖమునకు రంగు పూసికొనిరి. అయినను పట్టము పుచ్చుకొన్న యువకునకు ఇంటివారు కోరునది నెల జీతము. ఆయన అగ్నిమాపక శాఖలో చేరి, బందరునందును, విజయనగరమునందును అధికారిగా పనిచేసిరి. గంట మ్రోగినప్పుడెల్ల లేచి పరుగెత్తవలసిన కొలువది. కళ కావలెనని గొంతు పిలుచుచుండగా, కూడు కావలెనని ఇల్లు పిలుచుట మన దేశమున ఎందఱి కథయో!

1947లో వరూధిని అను చిత్రము వచ్చెను. దర్శకుడు బి. వి. రామానందము. మన మనుచరిత్రములోని ప్రవరుని పాత్రను రంగారావుగారు ధరించిరి. కథానాయకుడుగానే తెరకెక్కుట ఎంతమందికి లభించును? కాని చిత్రము ఆడలేదు. చిత్రము ఆడకపోయిన క్రొత్త నటుని తలుపు తట్టువా రుండరు.

మా తోటలలో ఒక వాడుక కలదు. లేత అంటు మొదటి రెండు మూడేండ్లలో పూతకు వచ్చినచో రైతు ఆ పూతను తుంచివేయును. చూచువారికి అది క్రూరముగా తోచును. కాని లేతకొమ్మపై కాయ నిలిచినచో మొక్క ఎదుగుదల ఆగిపోవును. వేరు లోతునకు దిగి, మాను బలిసిన పిదప వచ్చిన పూతయే నిలుచును. రంగారావుగారి మొదటి పూతను కాలము తుంచివేసినది.

అదే సంవత్సరము డిసెంబరులో వారికి వివాహమయ్యెను. క్రొత్త సంసారము, చేతిలో పని లేదు. అప్పుడు వారు జంషెడ్‌పూరు వెళ్ళి టాటా కర్మాగారమున బడ్జెట్టు లెక్కలు చూచు ఉద్యోగమున కుదిరిరి. ఇనుము కరగు ఊరు. పొగ, మంట, ఎడతెగని యంత్రఘోష. నిన్నటి ప్రవరుడు అచ్చట ఆదాయవ్యయముల అంకెలు కూడుచు కూర్చుండెను. అచ్చటి తెలుగువారితో కలసి సాయంకాలములందు నాటకము లాడిరి గాని, సంసారమును నిలిపినది పగటి జీతము. ఈ ఘట్టమును జీవితచరిత్రలు రెండు వాక్యములలో ముగించును. మాకు మాత్ర మిది ముఖ్యమైన ఘట్టముగా తోచును. ఓడిన కళాకారుడు లోకమును నిందించుచు ఇంట కూర్చుండుట సులభము. భార్యను పోషింపవలెనని ఎఱిగి, దొరకిన పని చేయుట కష్టము. రంగారావుగారు రెండవ దానిని ఎన్నుకొనిరి.

తరువాత బి. ఎ. సుబ్బారావుగారు పల్లెటూరిపిల్ల చిత్రము తీయబూని, అందులోని ఒక గట్టి పాత్రకు వారిని పిలిచిరి. మఱల తలుపు తెఱచుకొన్నది. ఆ సమయముననే తండ్రిగారు మరణించిన వార్త వచ్చెను. రంగారావుగారు ధవళేశ్వరము పోయి, కర్మకాండ ముగించి, మద్రాసు చేరునప్పటికి ఆలస్యమయ్యెను. ఆ పాత్ర ఏ. వి. సుబ్బారావుగారికి పోయినది. ఆ చిత్రముననే రంగారావుగారు ఒక చిన్న వేషముతో తృప్తిపడిరి. పాత్రను మఱియొకరు ధరింపగలరు; కొడుకుగా చేయవలసిన పనిని మఱియొకరు చేయలేరు. ఆ లెక్క వారికి తెలిసినది. దానికి వెలయును వారు చెల్లించిరి.

ఇచ్చట మా ప్రాంతపు ముచ్చట ఒకటి చెప్పవలెను. ఆ దినములలో మద్రాసునందు శోభనాచల సంస్థను నడపినవారు మీర్జాపురము రాజావారు. మీర్జాపురము నూజివీడు ప్రక్కదే. శోభనాచలమను పేరు మా ఆగిరిపల్లి కొండమీది నరసింహస్వామిని జ్ఞప్తికి తెచ్చుచుండును. రంగారావుగారు చిన్న వేషము వేసిన పల్లెటూరిపిల్ల ఆ శోభనాచల సంస్థ సంబంధముతోనే వెలువడెను. రాజావారి ధర్మపత్ని సి. కృష్ణవేణిగారు నిర్మించిన మనదేశము 1949లో విడుదలయ్యెను. అందులోను రంగారావుగారికి ఒక చిన్న పాత్ర దొరికినది. చిన్నపాటి వేషమని వారు వలదనలేదు. 1950లో విజయా వారి మొదటి చిత్రము షావుకారులో సున్నపు రంగడుగా కనబడిరి. 1951 మార్చిలో పాతాళభైరవి వచ్చెను. నేపాళ మాంత్రికుడు ఇంటింట మాటయయ్యెను. వరూధిని నాటికిని పాతాళభైరవి నాటికిని నడుమ నాలుగేండ్లు. మా రైతు నడిగినచో, అంటు కాపునకు వచ్చుటకు అంత కాలము పట్టుననియే చెప్పును.

ఆ తరువాత కాపు ఆగలేదు. వారు నటించిన చిత్రములు మూడు వందలకు పైబడినవని లెక్క కట్టుదురు. 1949 నుండి 1974 వఱకు పాతికేండ్లు. అనగా సగటున నెలకొక చిత్రము. ఈ అంకెను వినిన వెంటనే ఆశ్చర్యపడుట కంటె, ఒకమాఱు నిదానముగా ఆలోచించుట మేలు. పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజారు తెలుగునందును, తమిళమునందును తీసిన చిత్రములు. రెంటియందును రంగారావుగారే నటించిరి. చూచువానికి ఒక్క ఘటోత్కచుడు, చేసినవానికి ఇద్దఱు. ఒక భాషలో పలికి, నవ్వి, గద యెత్తిన మనిషి మఱియొక భాషలో మఱల పలికి, నవ్వి, గద యెత్తవలెను. ఆ కిరీటముల బరువు, నగల బరువు, పెద్ద దీపముల వేడి శరీరముపై ఎంత భారము మోపునో తెరపై కనబడదు. మామిడిపండు తినువానికి కోతగాని చేతిపై సొన కాల్చిన మచ్చ కనబడనట్లే.

ఈ శ్రమలో మఱియొక విశేషము కలదు. రంగారావుగారు తెరపై యువకులుగా నుండిన దినములు మిక్కిలి తక్కువ. 1955 జనవరిలో మిస్సమ్మ విడుదలయ్యెను. అందులో వారు జమీందారు. జీతమునకు కుదిరిన ఉపాధ్యాయులను కన్నబిడ్డలవలె చూచుకొను అమాయకపు పెద్దమనిషి. అప్పటికి వారి నిజమైన వయస్సు ముప్పదియాఱు. ఆ చిత్రమున వారి యెదుట కుఱ్ఱవాడుగా నిలిచిన రామారావుగారు వారికంటె అయిదేండ్లు మాత్రమే చిన్న. అదే సంవత్సరము వచ్చిన బంగారుపాపలో కోటయ్య అను మొరటు మనిషి. ఎవరో విడిచిన పసిబిడ్డను ఎత్తుకొని పెంచి, ఆ పెంపకములో తానే మనిషిగా మాఱినవాడు. ఆ తండ్రి మనస్సును తెరపై నిలిపిన నటునికి నలుబదేండ్లు నిండలేదు.

అనగా రంగారావుగారు ముప్పదులలోనే తెలుగువారికి తండ్రియైరి. నలుబదులలో పెదనాన్నయైరి. ఏబదులలో తాతయైరి. జుట్టునకు తెల్లరంగు వేసికొని, నడుము కొంచెము వంచి, గొంతులో వయస్సు తెచ్చుకొని, మనకు ఇంటిపెద్ద యనగా ఎట్లుండవలెనో చూపించిరి. కోపము వచ్చినను ఇల్లు విడువనివాడు, మాట కఱకైనను మనస్సు మెత్తనివాడు, తన కంచము చివర వడ్డించుకొనువాడు. అట్టి పెద్దను చూచి మన ఇండ్లలోని పెద్దలు తమ్ము తాము గుర్తించుకొనిరి.

ఇది నిర్మాతలు ఇచ్చిన పాత్రల వలన జరిగినదని ఒకరు అనవచ్చును. కాని తమ సొంత పెట్టుబడితో తీయునప్పుడు వారు ఏ కథల నెన్నుకొనిరో చూడుడు. తమ ప్రతిభ పురాణములలో బంగారము పండించుచుండగా, వారు రాక్షసుల కథను తీయలేదు. 1965లో నిర్మించిన నాదీ ఆడజన్మే, నల్లనిదని చిన్నచూపునకు గుఱియైన ఒక ఆడపిల్ల అత్తింట నిలదొక్కుకొన్న కథ. 1967లో చదరంగము, 1968లో బాంధవ్యాలు వారు స్వయముగా దర్శకత్వము వహించిన చిత్రములు. బాంధవ్యాలు ఉమ్మడి కుటుంబపు కథ. దానికి ఉత్తమ చిత్రముగా బంగారు నంది లభించెను. తీరిక చిక్కినప్పుడు వారు కథలును వ్రాసిరి. యువ మాసపత్రికలో కొన్ని అచ్చుపడినవి. తెరపై గద పట్టిన చేయి ఇంట కలము పట్టి, మనుష్యుల ఇండ్లను గూర్చియే ఆలోచించినది.

డెబ్బదుల మొదట తాతా-మనవడు వచ్చెను. ముసలితనమున తల్లిదండ్రులను బరువుగా తలచు కొడుకు, తాతను విడువని మనుమడు. ఇది అందలి విషయము. ఆ తాతను చూచి సినిమాహాలు నుండి కన్నులు తుడుచుకొనుచు వచ్చినవారు నేటికిని మా ఊళ్ళలో ఉన్నారు. ముసలితనపు అవమానమును అంత చక్కగా చూపిన ఆ మనిషి ముసలితనమును చూడనే లేదు. అఱువది యేండ్లకు చేరకమునుపే దారి ముగిసినది. మేము ఈ ప్రసంగములో చెప్పదలచినదంతయు ఈ ఒక్క విషయమునందే ఉన్నది. అందఱికిని ముసలితనమును నటించి చూపిన పనివాడు తన వంతు విశ్రాంతి పుచ్చుకొనలేదు.

1974వ సంవత్సరము తెలుగువారికి మంచిది కాలేదు. ఫిబ్రవరి 11వ తేదీని ఘంటసాల వెంకటేశ్వరరావుగారు గతించిరి. వారికి ఏబదియొక్క యేండ్లు. ఆ ఫిబ్రవరి నెలలోనే రంగారావుగారికి హైదరాబాదునందు మొదటిసారి గుండెపోటు వచ్చెను. గండము గడచినదని అందఱును ఊపిరి పీల్చుకొనిరి. అయిదు నెలలు గడచినవి. జూలై 18వ తేదీని మద్రాసునందు రెండవసారి వచ్చెను. వైద్యసహాయము అందులోపలనే ప్రాణము పోయినది. వారు కంసుడుగా నటించిన యశోదకృష్ణ మఱుసటి సంవత్సరము, 1975లో విడుదలయ్యెను. తెరపై వారు గర్జించుచుండగా చూచినవారికి, ఆ మనిషి లేడనుమాట నమ్మశక్యము కాలేదు.

మా ఇంటిలోను అట్టి మరణము ఒకటి జరిగినది. ఆయన పేరు చెప్పుట ఇచ్చట అనవసరము, మా పెదనాన్నగారు. తమ్ముడు పోగా, తమ్ముని పిల్లలమైన మమ్ము తన బిడ్డలతో కలిపి పెంచిరి. పండ్రెండెకరముల మామిడితోట ఆయన చేతిమీద నడిచినది. చలికాలము పూతకు తేనెమంచు పురుగు పట్టకుండ చూచుట, వేసవిలో ఈదురుగాలికి కాయ రాలునేమోనని ఆకాశము వంక చూచుచు రాత్రులు మేలుకొనుట, కోతల నాడు కూలీల కంటె ముందు తోటలో ఉండుట. ఇవియే ఆయన జీవితము. ఆయనకు ఉండిన ఒకే వినోదము రేడియో. ఆకాశవాణి ప్రసారము చేసిన సంక్షిప్త శబ్దచిత్రములలో రంగారావుగారి కంఠము వినబడినచో, చేతిపని ఆపి, "మన నూజివీడు వాడురా!" అనెడివారు. ఆ మాటలో ఆయనకు ఏదో వాటా ఉన్నట్లుండెడిది.

ఒక మే నెలలో బంగినపల్లి కోత జరుగుచుండగా ఛాతీలో బరువుగా ఉన్నదనియు, ఎడమచేయి లాగుచున్నదనియు ఆయన చెప్పిరి. చెమటతో చొక్కా తడిసిపోయెను. ఎండదెబ్బ యని మే మనుకొంటిమి. మజ్జిగ ఇచ్చితిమి. పట్టణమునకు పోయి చూపించుకొందమని అనగా, "కోత కానివ్వండిరా, తరువాత చూద్దాం" అనిరి. మేము సరే యంటిమి. నాలుగవనాడు మధ్యాహ్నము ఆయన చెట్టు మొదట ఆనుకొని కూర్చుండి యుండగా, నిద్రపోవుచున్నారని తలచి పిల్లలు కేకలు వేయక ప్రక్కనుండి నడచిరి. చద్దిమూట ముడి విప్పలేదు.

నాడు మే మన్న ఆ "సరే" ఇన్నేండ్లుగా మమ్ము విడువలేదు. ఆయన మొండితనము నిజమే. కాని ఆ మొండితనము మాకు అనుకూలముగా నుండినదనుట ఇంకను నిజము. కోత ఆగలేదు, లారీ ఆగలేదు, బేరము చెడలేదు. పనివాడు పని మానననుచున్నప్పుడు, ఆ పనివలన బ్రతుకువారు ఆయనను బలవంతపెట్టుట అరుదు. ఇది చెప్పుకొనుటకు మాకు సిగ్గుగానే ఉన్నది. అయినను చెప్పుచున్నాము, ఏలయన, ఈ మాట వినుచున్న ఇండ్లలో ఎన్నింటిలోనో ఈ దినమే అట్టి "సరే" ఒకటి పలుకబడుచుండవచ్చును.

ఛాతీలో అదిమినట్లు నొప్పి, అది భుజమునకో, ఎడమచేతికో, దవడకో ప్రాకుట, చల్లని చెమట, ఊపిరి చాలకపోవుట. ఇవి గుండె పంపు హెచ్చరికలని వైద్యులు చెప్పుదురు. కొందఱికి, ముఖ్యముగా స్త్రీలకును, మధుమేహము కలవారికిని, నొప్పి స్పష్టముగా తెలియక ఆయాసముగనో, కడుపులో బాధగనో కనబడును. ఎండదెబ్బ యనియు, అజీర్ణ మనియు గడుపుట తగదు. మొదటి గడియలలో చికిత్స అందినచో గుండె కండరము దక్కును. ఆలస్యమైన కొలది చచ్చిపోవును. రంగారావుగారి కాలమున లేని సౌకర్యము నేడు మనకున్నది. మన రాష్ట్రమున 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15 నుండి నడచుచున్నది. తోటలో నున్నను, చేనిలో నున్నను ఆ మూడంకెలు నొక్కుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. రోగి అనుమతియు అక్కఱలేదు.

మఱియొక సంగతి. పెదనాన్నగారు పోయిన పదునొకండవ నాడుగాని మాకు తెలియలేదు, ఇంటి లెక్కలన్నియు ఆయన తలలోనే ఉన్నవని. మా ప్రాంతమున పూతమీదనే తోట బేరమాడి వర్తకుడు బయానా ఇచ్చుట వాడుక. ఎవరు ఎంత ఇచ్చిరి, ఎవరికి ఎంత చెల్లవలెను, మందుల కొట్టులో బాకీ యెంత. ఇవి ఏ పుస్తకమునను లేవు. పెద్దమ్మగారు ముప్పదేండ్లు ఆ ఇంటి అన్నము వండిరి గాని, ఆ ఇంటి లెక్క ఆమె నెవరును అడుగలేదు, ఆమెకు చెప్పలేదు. వర్తకుడు ధర్మాత్ముడు కనుక తానే వచ్చి చెప్పి, ఒప్పుకొన్న పైకము చెల్లించెను. అందఱికిని అట్టి వర్తకుడు దొరకడు. సంసారమును మోయువాడు బరువును మాత్రమే కాక లెక్కను కూడ ఇంటివారితో పంచుకొనవలెను. బాధ చెప్పినచో ఇంటివారు బెదరుదురని దాచుట ప్రేమయే కావచ్చును. కాని దాచిన ఆ బరువు చివరకు పడునది వారిమీదనే.

రంగారావుగారి వలె పనిచేసినవారు పోయినప్పుడు మనము, "ఆ స్థానము భర్తీ కాదు" అని చెప్పుదుము. అది నిజమే. వారి తరువాత ఘటోత్కచులు, కీచకులు పలువురు వచ్చిరి. ఆ పీట మీద ఎవరు కూర్చుండినను కొంత చోటు ఖాళీగానే మిగిలినది. ఇంటిలోనైనను అంతియే. మా తోటను మేము ఇప్పుడును చూచుకొనుచున్నాము. పాదులు త్రవ్వించుచున్నాము, మందు కొట్టించుచున్నాము. కాని ఏ చెట్టు ఏ యేడు కాయక విశ్రమించునో, ఏ చెట్టు క్రింది కొమ్మకాయ ముందు పక్వమునకు వచ్చునో ఆయనకు వలె మాకు తెలియదు. ఆ తెలివిని ఆయన జీవించి యుండగా అడిగి నేర్చుకొనవలసినది. చెట్టు సైతము ఒక యేడు విరగగాచి, మఱుసటి యేడు కాపు తగ్గించి సేదదీరునని ఆయనయే మాకు చెప్పిరి. ఆ ధర్మము తనకును వర్తించునని మాత్రము ఆయన తలంపలేదు. మేమును గుర్తు చేయలేదు.

అప్పుడప్పుడు రేడియోలో పాత చిత్రపు మాటలు వినబడును. ముఖము కనబడదు, కిరీటము కనబడదు, కంఠ మొక్కటే. ఆ కంఠమున గర్జన యున్నది, పరిహాసమున్నది, అన్నింటి అడుగున ఇంటిపెద్ద యొక్క అలసట వంటిదియు ఒకటి యున్నది. అది నటనయని యెంచి మనము మెచ్చుకొంటిమి. కొంత నటనయే. కొంత నెలకొక చిత్రము చొప్పున పాతికేండ్లు పనిచేసిన మనిషి నిజమైన ఊపిరి.

ఈ జూలైలోను మా ప్రాంతమున అంటులు నాటుచుందురు. మేమును పెదనాన్నగారు ఆనుకొని కూర్చుండిన చెట్టునకు కొంత ఎడముగా ఒక చిన్న రసపు అంటు నాటితిమి. మొదటి పూత వచ్చినప్పుడు తుంచవలెనని పిల్లలకు చెప్పి యుంచితిమి. దానితోపాటు మఱియొక మాటయు చెప్పితిమి: ఇంటిలో ఎవరైనను ఛాతీ పట్టుకొని "తరువాత చూద్దాం" అనినచో, సరే యనవలదు.